గీత తీరందే కాగితం కదలదు

మా బావ తన పెళ్లి కార్డు తనే దిద్దుకున్నాడు. అందులో వింతేమీ లేదు, ఆయన పనే ప్రూఫులు దిద్దడం. వింత ఆ తరవాత జరిగింది. కార్డులు అచ్చయి అందరికీ పంచేశాక, మా నాన్న ఇంటిపేరు పక్కన ఉండాల్సిన చుక్క మిషను దగ్గర ఎగిరిపోయిందని తెలిసింది. ఇంకొకరైతే చుక్కే కదా అని ఊరుకునేవారు. మా బావ సైకిలెక్కి చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, కార్డు అడిగి తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి చుక్క పెట్టి, మళ్లీ వాళ్ల చేతికిచ్చి వచ్చాడు. పెళ్లికొడుకే స్వయంగా ఇంటికొచ్చాడని చుట్టాలంతా మురిసిపోయారు. చుక్క సంగతి ఒక్కరూ గమనించలేదు.

ఎంత మర్యాదస్తుడో అని మా అమ్మ పొంగిపోయింది. నాకు మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది. మరదల్ని కదా, బావను అనుమానించడం నా హక్కు.

ఆయన పనిచేసే ప్రెస్సు మార్కెట్టు వెనక సందులో ఉంది. అక్కడ పెద్ద పుస్తకాలేం వేయరు. పెళ్లి కార్డులు, సంతాప కార్డులు, రసీదు పుస్తకాలు, కొత్తగా తెరిచిన దుకాణాల కరపత్రాలు, అంతే. కింద మిషన్లు, పైన అటకలాంటి గది. ఆ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద ఎర్ర పెన్సిలు, గోడకు ఒక అట్టముక్క. అట్టమీద ఆయన తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్న శాసనం: గీత తీరందే కాగితం కదలదు.

అంటే, ఆయన ఒక మాట కింద ఎర్రగీత గీశాడంటే ఆ తప్పును ఎవరో ఒకరు సరిచేసి, ఆయన మళ్లీ చూసి పక్కన పొడి సంతకం పెట్టేదాకా మిషను తిరగకూడదు. కార్డులు వేయించుకునే పార్టీవాడు గుమ్మంలో నిలబడి కాళ్లు మార్చుకుంటున్నా సరే, ఓనరు పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతున్నా సరే. బావ వాళ్ల నాన్న పోయినప్పుడు సంతాప కార్డు ప్రూఫు కూడా ఆయన బల్ల మీదికే వచ్చింది. చదివాడు, దిద్దాడు, పొడి సంతకం పెట్టి కిందికి పంపాడు. అప్పుడు కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఇది ఓనరు చెబితే విన్నాను. విన్నప్పుడు నవ్వాలో జాలిపడాలో తెలియక రెండూ చేశాను.

వీధిలో ఆయనకు ఎర్ర పెన్సిలని పేరు. కూరగాయల బండి మీద రాసిన ధరల పలక, అద్దెకివ్వబడును అనే బోర్డు, మెట్ల దగ్గర 'ఇక్కడ చెత్త వేయరాదు' అని అంటించిన కాగితం, దేన్నీ వదిలేవాడు కాదు. చెత్త వేయొద్దన్న కాగితంలో తప్పు దిద్దుతూ నిలబడ్డ మనిషి పక్కనే ఎవరో చెత్త వేసి పోయినా ఆయనకు తెలిసేది కాదు.

ఇలాంటి మనిషికి మా అక్కనిచ్చి చేశారు. ఆమెకు చిన్నప్పటి నుంచీ దీర్ఘాలూ వత్తులూ పడవు. మాట్లాడేటప్పుడు ఏ లోటూ లేదు. అసలు ఆమె బతుకుతెరువే గొంతు. బస్టాండులో మైకు గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పేది ఆమే. ఆ గొంతు వింటే, టిక్కెట్టు తీసుకోనివాడు కూడా ఒక్క క్షణం తన బస్సేమో అని లేచి నిలబడతాడు. కానీ కలం పడితే మాత్రం అక్షరాలు బక్కచిక్కిపోతాయి. నోటితో సాగదీస్తున్నాను కదా, మళ్లీ చేత్తో కూడా ఎందుకు అనేది.

పెళ్లయిన కొత్తలో అక్క మా ఇంట్లో ఉన్నప్పుడు బావకు ఉత్తరం రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు. నన్ను గదిలోంచి పంపించేసి రాసింది కాబట్టి ఏం రాసి ఉంటుందో ఊహించుకోగలను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. కవరు విప్పితే అందులో ఉన్నది ఆమె ఉత్తరమే. దీర్ఘం లేని ప్రతి చోటా దీర్ఘం, వత్తు లేని ప్రతి చోటా వత్తు, అన్నీ ఎర్రగా. పైన మార్జిన్లో 'బాగుంది, ఇంకా శ్రద్ధ పెంచాలి' అని ఉంది. కింద పొడి సంతకం.

ఆయన ప్రేమతోనే చేశాడు. అది నేను ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు ఒప్పుకోలేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్యను కొత్త పెళ్లాం కోసం ధారపోశానని ఆయన అనుకున్నాడు. అక్క ఆ ఉత్తరాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆయనకు ఒక్క ముక్క రాయలేదు. బయటికి వెళ్తూ చీటీ పెట్టాల్సి వచ్చినా పెట్టదు. మెట్లెక్కి, వాళ్లింటి పైవాటాలోనే ఉంటూ బట్టలు కుట్టుకుంటున్న నాతో చెప్పి, 'ఆయన వస్తే చెప్పు' అంటుంది. ఇన్నేళ్లూ ఆ ఇంటి నోటీసుబోర్డును నేనే.

ఇలా సాగిపోతున్న కాపురంలో అక్క గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. కాదు. ఏళ్ల తరబడి మైకు ముందు అరిచీ అరిచీ గొంతులో తీగల మీద చిన్న కాయ కట్టిందట, తీసేయాలన్నారు. ఆస్పత్రిలో ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు కాగితమిచ్చి సంతకం పెట్టమంటే, బావ ముందు అందులో తప్పులకు గీతలు గీసి, పక్కన సరైనవి రాసి, తరవాత సంతకం పెట్టాడు. నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇంకో కాగితం తెచ్చింది. దాన్నీ దిద్దాడు. అక్క స్ట్రెచరు మీద పడుకునే నుదురు కొట్టుకుంది.

కాయ తీశారు. ఇంటికి పంపేముందు గొంతు డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. తాను చెప్పేదాకా మాట్లాడకూడదు. గుసగుస అసలు పనికిరాదు, అది అరుపుకన్నా చేటు. పుండు ఆరకముందే గొంతు వాడితే మళ్లీ మైకు పట్టే ఆశ వదులుకోవాల్సిందే. ఏం కావాలన్నా రాసి చూపించమంది. రాయడం అన్న మాట వినగానే అక్క మొహం ఆపరేషను గదిలోకి వెళ్లేటప్పటికన్నా పాలిపోయింది.

తెలివితేటలు నావే. బావ ఫోనులో రాసుకునే యాప్ ఒకటి అప్పటికే ఉంది. ప్రెస్సు ఓనరు కాగితం ప్రూఫులు తగ్గించి, కరపత్రాల్లాంటి చిన్న పనులు బావ చేతే అందులో టైపు చేయించి నేరుగా మిషనుకు పంపిస్తున్నాడు. అదే యాప్ అక్క ఫోనులోనూ పెట్టి, బావ ఖాతాతోనే తెరిచి, ఇద్దరికీ ఒకే పేజీ కలిపాను. అక్క వంటింట్లో రాస్తే బావకు ముందుగదిలో కనబడుతుంది. కలం లేదు, కాగితం లేదు, ఎర్ర పెన్సిలుకు పని లేదు అని ఆమెకు నచ్చజెప్పాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్న సంగతి మరిచిపోయాను. ఆ యాప్‌కి కూడా ఎర్రగీత గీసే జబ్బుంది.

మా బావకు జబ్బున్నా భాష వచ్చు. దానికి అదీ రాదు. అక్క తన ధోరణిలో 'నిళ్లు వేడి చెయండి' అని కొడితే, ఎర్రగీత గీసి 'ఇళ్లు' అని సలహా ఇచ్చేది. అక్క వేలు పొరపాటున తగిలితే అదే పడిపోయేది. ఇళ్లు వేడి చేయండి. 'గొంతు నొపిగా ఉంది' అంటే 'టోపీగా' అంది. మాత్ర వేసుకున్నానని చెప్పబోయి 'మత్ర మింగాను' అని కొడితే 'మంత్రి మింగాను' అని వెళ్లింది. మంత్రులు మింగడం అందరూ విన్నదే, మంత్రినే మింగడం మా ఇంట్లోనే మొదలైంది.

నేను పడీ పడీ నవ్వాను. అక్క కూడా నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వింది. బావ నవ్వలేదు. ఎర్రగీత కనబడితే నవ్వు రాదు ఆయనకు, చెయ్యి వస్తుంది. అక్క పంపిన ప్రతి ముక్కనూ ముందు సరిచేసి, గీత పోయిందని చూసుకుని, అప్పుడు లేచి ఆ పని చేసేవాడు. నీళ్లు అడిగిన మనిషికి నీళ్లు అందేవి, దీర్ఘం పడ్డాక.

ఒకరోజు పొద్దున్న అక్క కుక్కరు పొయ్యి మీద పెట్టి, కళ్లు తిరుగుతున్నట్టుందని లోపలికెళ్లి పడుకుంది. పడుకున్నచోటు నుంచే 'కుకర్ ఆపండి' అని పంపింది. ఎర్రగీత పడింది. కుక్క, కూతురు, కుదురు, ఈ మూడింట్లో ఏది కావాలో తేల్చుకోమంది యాప్. బావ ముందుగదిలో కళ్లజోడు పైకి తోసుకుని, కుక్కరు అనాలా కుక్కర్ అనాలా అని ఆలోచనలో పడ్డాడు. పరభాష మాట కదా, ఆయన దగ్గర రెండు పద్ధతులకూ వాదనలున్నాయి.

మాడు వాసన పైవాటాకు వచ్చింది. నేను మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చేసరికి వంటింట్లో పొగ. అక్క మంచం దిగి పరిగెత్తుకొచ్చింది. ఫోను పట్టుకుని కూర్చున్న మొగుణ్ని చూసింది. ఇన్నేళ్ల కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టుంది.

"ముందు పొయ్యి కట్టేయండి!"

చివరి మాట పూర్తిగా బయటికి రాలేదు. బట్ట చిరిగిన చప్పుడులాంటిదొకటి వచ్చి ఆగిపోయింది. అక్క రెండు చేతులతో మెడ పట్టుకుని గోడకు ఆనుకుంది. నేను వెళ్లి పొయ్యి కట్టేశాను. బావ ఫోను చేతిలో ఉంచుకునే నిలబడిపోయాడు.

డాక్టరమ్మ గొట్టం పెట్టి లోపలికి చూసి, వాచిందని చెప్పింది. ఇంకొక్కసారి ఇలా అయితే మైకు గది తాళం వేరేవాళ్లకు ఇచ్చేయాల్సిందేనంది. ఎందుకు అరవాల్సి వచ్చిందని అడిగింది. అక్క చెప్పలేదు, నేను చెప్పాను. డాక్టరమ్మ బావ వైపు తిరిగి, గిన్నె మాడిపోతుంటే మీరేం చేస్తున్నారని అడిగింది.

"దిద్దుతున్నానండీ" అన్నాడు బావ. ఆయన అబద్ధమాడడు, అదొక సుగుణం.

ఇంటికి రాగానే అక్క ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. ఇక రాయదని అర్థమైంది. కావాల్సినవి గరిటెతో కంచం మీద కొట్టి, చేతులు తిప్పి చెప్పేది. చేతులకు అందని సంగతి వస్తే పెదవులు కదిపేది. పెదవులు కదిలితే వాటి వెంట గుసగుస వచ్చేది. నేను పరిగెత్తి ఆమె నోటికి అడ్డంగా చెయ్యి పెట్టేదాన్ని. కానీ పూటపూటా పైనుంచి దిగివద్దామంటే నాకూ గిరాకీలున్నారు. అక్క గొంతు ఆ గుసగుసల్లో కొంచెం కొంచెంగా కరిగిపోతోందని నాకు భయం పట్టుకుంది. నిజంగా భయపడ్డాను. చిన్నప్పటి నుంచీ నన్ను నిద్రలేపిన గొంతది.

నేనేమీ అననోయ్, రాయవోయ్ అని బావ బతిమాలాడు. అక్క ఆయన చొక్కాజేబు వైపు చూసింది. పెన్సిలు అందులోనే ఉంది. నేను చెయ్యి పెట్టి దాన్ని లాక్కుని నా కుట్టుపెట్టెలో పడేశాను. ఆయన ఖాళీ జేబును తడుముకున్నాడు.

ఆ సాయంత్రమే బావ మా పైవాటాకు వచ్చాడు. ఆయన మెట్లెక్కి రావడం అరుదు, నోటీసుబోర్డును వెతుక్కుంటూ ఎవరూ రారు కదా. కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని ఫోను నా ముందు పెట్టాడు. ఈ గీతలు పడకుండా చేయడం ఎలా అని అడిగాడు.

దానికేం భాగ్యం, దిద్దే ఏర్పాటు మొత్తం ఆపేయొచ్చు, ఇక్కడొక మీట ఉందని చూపించాను. వద్దన్నాడు. ఎందుకు వద్దని నాకు ఒళ్లు మండింది.

"ఆపేస్తే గీత కనబడదు. అంతే కదా" అన్నాడు. "కనబడకపోతే తప్పు పోయినట్టు కాదు. నా కంటికి కనబడుతూనే ఉంటుంది. మీ అక్కకు ఆ సంగతి తెలుసు."

"మరేం చేస్తావు బావా? ఆవిడ రాతను మార్చలేవు, నీ కంటిని మార్చలేవు."

ఆయన కాసేపు నా కుట్టుపెట్టె వైపు చూశాడు. "ఆ మాటలే ఒప్పని దీనికి నేర్పలేమా?" అన్నాడు.

నేర్పొచ్చు. గీత పడిన మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అడుగున 'నిఘంటువులో చేర్చు' అని వస్తుంది. అది నొక్కితే ఆ మాటను ఇక ఎప్పుడూ తప్పు పట్టదు. చూపించాను. అక్క రాసిన పాత పేజీ తెరిచి, 'నిళ్లు' మీద వేలు పెట్టాడు. అడుగున మాట వచ్చింది. వేలు అక్కడిదాకా వెళ్లి ఆగింది. చేదుమందు ముందు పెట్టిన పసివాడి మొహం కూడా అంత అన్యాయంగా ఉండదు. ఏళ్లతరబడి అచ్చుకు వెళ్లే ప్రతి అక్షరాన్నీ కాపలా కాసిన మనిషి, తన చేత్తో తప్పుడు మాటకు తలుపు తీయాలి. కంచే చేను మేయాలి. ఆయన కళ్లు మూసుకుని నొక్కేశాడు.

ఎర్రగీత పోయింది. ఆయన కళ్లు తెరిచి, పోయిన చోటునే చూస్తూ ఉండిపోయాడు. తరవాత 'మత్ర'. తరవాత 'నొపి'. 'కుకర్' దగ్గరికొచ్చాక ఆగలేదు. ఏడిపిద్దామని నోటిదాకా వచ్చిన మాటను నేను మింగేశాను. మరదలి జన్మలో అదొక్కటే నేను చేసిన త్యాగం.

మర్నాడు పొద్దున్న బియ్యం డబ్బా వెనక నుంచి ఫోను తీసి అక్క చేతిలో పెట్టాను. ఆమె విసుగ్గా తెరిచింది. పేజీ కిందికీ పైకీ జరిపింది. ఎర్రటి గీతలు కనబడక నా వైపు చూసింది. 'నిళ్లు' అని మళ్లీ కొట్టింది. గీత పడలేదు, ఇళ్లు రాలేదు. ముందుగదిలో మా బావ కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చేతుల మీద ఆయనకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

అక్క చాలాసేపు ఆయన వీపును చూసింది. తరవాత కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఈసారి నీళ్ల గురించీ మాత్రల గురించీ కాదు.

'నా బదులు రికర్డు గొంతు పెటరు. కొత్త కండక్టరు చెపింది. ఎవరు నన్ను అడగలెదట. బస్సులు టైముకె వెళ్తునయట. నెను లెకపొయినా.'

అది నాకూ చూపించి పంపింది. ఎర్రగీతలు మళ్లీ కొత్తవి పడ్డాయి, ఇంతకుముందు రాయని మాటలు కదా. బావ చదివాడు. గీతల జోలికి వెళ్లలేదు. ఆయన ఎర్రగీత ఉన్న కాగితాన్ని ముట్టకుండా లేవడం నేను చూడడం అదే మొదలు. చెప్పులేసుకుని ఎటో వెళ్లిపోయాడు.

చీకటి పడే వేళకు గానీ రాలేదు. ప్రెస్సుకు వెళ్లలేదని ఓనరు ఫోను చేసి అడిగాడు. వచ్చాక కాళ్లు కడుక్కుని కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన జవాబు టైపు చేశాడు. వంటింట్లో అక్క ఫోను మోగితే ఇద్దరం కలిసి చదివాం.

'బస్టాండులో బెంచీ మీద కూర్చుని రికార్డు గొంతు విన్నాను. అక్షరం తప్పు లేదు. ఒక్క బస్సూ ఎక్కాలనిపించలేదు.'

అక్క స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే గొంతుకు మంచిదో కాదో డాక్టరమ్మ చెప్పలేదని నాకు కంగారు. ఆమె చప్పుడు లేకుండానే ఏడ్చింది, కాబట్టి పరవాలేదనుకున్నాను.

ఆ తరవాత ఆ పేజీకి అంతు లేకుండా పోయింది. మైకు గదిలో ఫ్యాను గోల, అద్దానికి ముక్కు ఆనించి చూసే పిల్లలు, బస్సు తప్పిపోయి తనను తిట్టిపోసినవాళ్లు, పెళ్లయిన కొత్తలో తనకేం నచ్చలేదో, ఏం నచ్చిందో, అన్నీ బక్కచిక్కిన అక్షరాలతో రాసింది. కొన్ని నాకు చూపించింది, కొన్ని చూపించకుండా పంపింది. చూపించనివే ఎక్కువ. ఆయన రోజూ ప్రెస్సు నుంచి రాగానే కొత్తగా పడ్డ గీతల్ని ఒక్కొక్కటీ నొక్కి, చేర్చు, చేర్చు అనుకుంటూ ఒప్పుల్లో కలిపేసేవాడు. నా నోటీసుబోర్డు ఉద్యోగం పోయింది. అందుకు నేను బాధపడ్డానని ఎవరైనా అంటే నమ్మకండి, కొంచెమే పడ్డాను.

అయితే నేర్పడం ఒక్కటే మా చేతిలో ఉంది, ఎంతవరకు నేర్చుకోవాలో దాని చేతిలో ఉంది. ఆ యాప్ మహా శ్రద్ధగల శిష్యురాలైపోయింది. అక్క మాటలే సిసలైనవని దానికి గట్టి నమ్మకం ఏర్పడింది. ఇప్పుడు ఎవరైనా 'నీళ్లు' అని కొట్టబోతే, మొదటి అక్షరానికే 'నిళ్లు' అని తెచ్చి ముందు పెట్టేది.

అక్కను డాక్టరమ్మ చివరిసారి చూసే రోజు వచ్చింది. బావకు ప్రెస్సులో పని ఉంటే నేనే వెంట వెళ్లాను. గొట్టం పెట్టి చూసి, వాపు తగ్గిందని, పుండు ఆరిందని చెప్పింది. ఇక మాట్లాడొచ్చు గానీ మొదట్లో పొదుపుగా, అవసరమైన మాటే ఆడమంది, గొంతు సవరించుకోవద్దంది. ఏదీ ఇప్పుడు ఒక మాట అనండి అంటే, అక్క తల అడ్డంగా ఊపింది. ఇంటికి వెళ్లాక అంటానని సైగ చేసింది. మొదటి మాట ఎవరి కోసం దాచుకుందో నాకు తెలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి బావ ముందుగదిలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ప్రెస్సు ఓనరు, చేతిలో కరపత్రం. మంచినీళ్ల క్యాన్లు ఇంటింటికీ వేసే దుకాణంవాళ్లది. నీలంరంగు మీద తెల్లటి పెద్ద పెద్ద అక్షరాల్లో 'స్వచ్ఛమైన నిళ్లు' అని ఉంది. కట్టలు కట్టలుగా అచ్చయిపోయిందట. ఓనరు కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది. దగ్గరివాళ్లు పోయిన ఇంటికి వచ్చినవాడిలా మెల్లగా మాట్లాడుతున్నాడు.

"మీ చేతిమీదుగా వెళ్లిందండీ ఇది. అందుకే ఎవరూ మళ్లీ చూడలేదు. మీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

బావ కరపత్రం తీసుకున్నాడు. కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. యాప్ తెచ్చి ముందు పెట్టిన మాటే అది, రోజూ ఒప్పుల్లో కలిపీ కలిపీ ఆయన కంటికీ అలవాటైపోయింది. ఆ మొహంలో ఏ రంగు వచ్చి ఏ రంగు పోయిందో నేను చెప్పలేను. ఆయన బతుకంతా ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క. తప్పని ఒప్పుకుంటే, ఎక్కడి నుంచి వచ్చిన తప్పో కూడా చెప్పుకోవాలి. గుమ్మంలో అక్క నిలబడి ఉందని ఆయన అప్పుడే చూశాడు.

"ఇందులో తప్పేముంది?" అన్నాడు ఓనరుతో. "మా ఇంట్లో అలాగే రాస్తారు."

ఓనరు కరపత్రాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. అక్క చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆయన పక్కన నిలబడి కరపత్రం వైపు చూసింది. గొంతు సవరించుకోబోయి, డాక్టరమ్మ వద్దన్న సంగతి గుర్తొచ్చి మానేసింది.

"అది తప్పేనండీ" అంది. "దిద్దండి."

గొంతు పాతదే, కాస్త గరుకు తేలింది. బావ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లి ఖాళీగా వచ్చింది. నేను మెట్లెక్కి వెళ్లి కుట్టుపెట్టెలోంచి ఎర్ర పెన్సిలు తెచ్చిచ్చాను. ఆయన దాన్ని తీసుకుని, ఒకసారి మొన చూసుకుని, అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వే దిద్దు" అన్నాడు.

అక్క కరపత్రాన్ని గోడకు ఆనించి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఒద్దికగా దీర్ఘం పెట్టింది. చివరి అక్షరానికి పెట్టింది. 'నిళ్లు' కాస్తా 'నిళ్లూ' అయింది. ఓనరు నా వైపు చూశాడు, నేను దూలం వైపు చూశాను.

బావ దాన్ని తీసుకుని శ్రద్ధగా చదివాడు.

"బాగుంది" అన్నాడు. అక్కడితో ఆగాడు.

ఆ తరవాత ఓనరును సాగనంపే నెపంతో ఆయన కూడా బయటికి వెళ్లాడు. పెన్సిలు అక్క దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఓనరు జేబులోని పెన్ను అడిగి తీసుకున్నట్టున్నాడు. నేను పైవాటా కిటికీలోంచి చూస్తున్నాను, అక్కడి నుంచి మలుపు అవతలిదాకా కనబడుతుంది. వీధి మలుపు దాటాక, ఇక మా గుమ్మం కనబడదని వెనక్కి తిరిగి చూసి రూఢి చేసుకుని, ఓనరును వంగమని ఆయన వీపు మీద కరపత్రం పరిచి, దీర్ఘాన్ని దాని చోటికి మార్చి, పక్కన పొడి సంతకం పెట్టాడు. ఈ సంగతి నేను ఇంతవరకు అక్కతో చెప్పలేదు.